టేపు నల్లబడితే చాలా? కొరాపుట్ నర్సింగ్ హోమ్ సిస్టర్ ప్రశ్నకు జవాబు

చెల్లెమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొరాపుట్‌లో పది పడకల నర్సింగ్ హోమ్. డెలివరీలు, చిన్నా చితకా ఆపరేషన్లు జరుగుతాయి. నెలకోసారి కింద మైదానం నుంచి సర్జన్ గారు వచ్చి లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు చేసి చేసే ఆపరేషన్) కేసులు చేసి వెళ్తారు. గ్యాస్ స్టవ్ మీద పెట్టే నిలువు ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పాత్ర) ఒకటి, పరికరాలు ముంచే గ్లుటరాల్డిహైడ్ ద్రావణం ట్రే ఒకటి, ఫార్మలిన్ బిళ్లల డబ్బా ఒకటి ఉన్నాయి. ఆటోక్లేవ్ ఒత్తిడి ముల్లు 15 పౌండ్ల దగ్గర నిలబడుతోంది, ప్యాక్ మీద అంటించే ఇండికేటర్ టేపు నల్లబడుతోంది. అయినా లాప్రోస్కోపీ అయిన ఇద్దరికి, కుట్లు మానిన నెల తర్వాత బొడ్డు దగ్గర గడ్డ కట్టి నీరు కారుతోంది. కొత్త ఆటోక్లేవ్ కొనమని మేనేజ్‌మెంట్‌ని అడగాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే అడగొద్దు. ముందు సింకు దగ్గర వెతకండి. ఇటు బరంపురం నుంచి అటు జయపురం దాకా ఓటీల్లో, స్టెరిలైజేషన్ గదుల్లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. "మెషీన్ పని చేయడం లేదు" అని పిలిచిన చోట ఎక్కువసార్లు నాకు కనిపించింది సరిగ్గా కడగని పరికరాలే. మెషీన్‌లో లోపం ఉంటే అది రెండో సంగతి. మీ ఊరి ఎత్తు వల్ల వచ్చే చిక్కు ఒకటి ఉంది, అదీ చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ ఇద్దరు పేషెంట్ల సంగతి. పైకి మానిపోయిన గాయం నాలుగైదు వారాల తర్వాత గట్టిపడి, గడ్డయి, పలచటి నీరు కారడం మామూలు చీము లక్షణం కాదు. లాప్రోస్కోపీ రంధ్రాల దగ్గర ఇలా వస్తే మైకోబ్యాక్టీరియం చెలోనే, ఫార్చూయిటమ్ లాంటి క్రిములను అనుమానించాలి. ఇవి టీబీ క్రిమి జాతివే కానీ టీబీ కాదు. కుళాయి నీళ్లలో, మట్టిలో మామూలుగానే ఉంటాయి. చీమును మామూలు కల్చర్‌కి పంపితే "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు వస్తుంది. వాడుకలో ఉన్న యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఇచ్చినా కారడం ఆగదు, పాపం పేషెంట్లు నెలల తరబడి తిరుగుతారు. కాబట్టి ఇంకో యాంటీబయాటిక్ రాయకముందే సర్జన్ గారికి ఫోన్ చేసి చెప్పండి. నమూనాను ఏఎఫ్‌బీ స్మియర్‌కి (ఈ జాతి క్రిములను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష), మైకోబ్యాక్టీరియా కల్చర్‌కి పంపాలి. మీ ఊళ్లోనే మెడికల్ కాలేజీ ఉంది కదా, ఆ పరీక్షకు నమూనా ఎలా తీయాలో, ఎక్కడికి పంపాలో అక్కడి మైక్రోబయాలజీ విభాగంలో అడగండి. ఇది మీ భుజాన మోసుకుని దాచుకోవాల్సిన విషయం కాదు.

ఇప్పుడు ఆ క్రిమి లోపలికి ఎలా వెళ్లి ఉంటుందో చూద్దాం. మీరు రాసిన పద్ధతి ఇది: ఒక కేసు అవగానే ట్రోకార్, కాన్యులా (పొట్టకు రంధ్రం చేసి లోపలికి దారి ఇచ్చేవి), గ్రాస్పర్లు (లోపల పట్టుకునే పొడవు పటకార్లు) కుళాయి కింద కడగడం, 20 నిమిషాలు గ్లుటరాల్డిహైడ్‌లో ముంచడం, మళ్లీ కుళాయి నీళ్లతో కడిగి తర్వాతి కేసుకి అందించడం. ఇందులో మూడు చోట్ల దారి తెరిచి ఉంది. ఒకటి, విడదీయకుండా కడిగితే ట్రోకార్ వాల్వ్‌లోనూ రబ్బరు వాషర్ కిందా కణజాలం ఉండిపోతుంది. రెండు, 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు అంటే అది దాదాపు అన్ని క్రిములనూ చంపే హై లెవెల్ డిస్ఇన్ఫెక్షన్ మాత్రమే. స్పోర్లు (కొన్ని క్రిములు గట్టి పెంకు కట్టుకుని ఉండే రూపం) కూడా చావాలంటే అదే ద్రావణంలో 10 గంటలు ఉండాలి. పైగా చెలోనే రకాల్లో కొన్ని గ్లుటరాల్డిహైడ్‌నే తట్టుకుంటాయి. మూడోది మరీ బాధ కలిగించేది. అంతా చేసి చివర్లో కుళాయి నీళ్లతో కడుగుతున్నారు, అంటే ఆ క్రిమి కాపురం ఉండే నీళ్లతోనే. రసాయనంలోంచి తీసిన పరికరాన్ని స్టెరైల్ (ఏ క్రిమీ లేని) నీళ్లతోనే కడగాలి, అదీ ఒక గిన్నెలో ముంచి అదే గిన్నెలో మళ్లీ ముంచకుండా, నీళ్లు మారుస్తూ.

1968లో ఎర్ల్ స్పాల్డింగ్ అనే ఆయన చెప్పిన విభజనే ఇప్పటికీ అందరికీ ఆధారం. చర్మాన్ని చీల్చుకుని కణజాలంలోకి, రక్తంలోకి వెళ్లేది స్టెరైల్‌గా ఉండి తీరాలి. నోరు, గొంతు, యోని లాంటి చోట్ల లోపలి పొరను తాకేదానికి కనీసం హై లెవెల్ డిస్ఇన్ఫెక్షన్ కావాలి. మామూలు చర్మాన్ని తాకేదాన్ని కడిగి, తుడిచి, మామూలు డిస్ఇన్ఫెక్టెంట్ వాడితే సరిపోతుంది. ఈ లెక్కన మీ ట్రోకార్, కాన్యులా, గ్రాస్పర్లు మొదటి వర్గంలోకి వస్తాయి. అవి స్టీలువి, విడదీయగలిగేవి అయితే చాలావరకు ఆవిరిని తట్టుకుంటాయి. కంపెనీ పుస్తకం చూసి వాటిని ఆటోక్లేవ్‌లోనే పెట్టండి. రబ్బరు వాషర్లు త్వరగా పోతాయని కొందరు వద్దంటారు. పోతే కొత్తవి వేయండి, వాటి ఖరీదు ఒక పేషెంటు తిరిగే బస్సు చార్జీలంత ఉండదు. టెలిస్కోప్ (పొట్ట లోపల చూసే గొట్టం) మీద "ఆటోక్లేవబుల్" అని రాసి ఉంటే సరే. లేకపోతే ఈటీఓ గ్యాసుతోనో, ప్లాస్మాతోనో స్టెరిలైజ్ చేసే చోటికి పంపే ఏర్పాటు సర్జన్ గారితో మాట్లాడండి. రోజుకి ఎన్ని కేసులుంటే అన్ని సెట్లు ఉండాలి. ఒక్క సెట్టుతో వరసగా కేసులు లాగించే పద్ధతికి ఆయన ఒప్పుకోకూడదు, మీరూ ఒప్పుకోకూడదు.

ఫార్మలిన్ బిళ్లల డబ్బా సంగతి ఒక్క మాటలో: తీసేయండి. మూత పెట్టిన డబ్బాలో బిళ్లలు వేసి రాత్రంతా ఉంచితే స్టెరైల్ అవుతుందన్న భరోసా లేదు. ఉష్ణోగ్రత, తేమ, మోతాదు ఏదీ మన చేతిలో ఉండదు. ఆ బిళ్లల్లోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో పెట్టింది. దాన్ని తెరిచి పీల్చేది మీరూ, ఆయమ్మే.

ఇక సింకు దగ్గరికి వద్దాం.

ఒక ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళం పట్టే కత్తెర లాంటి పరికరం) తీసుకోండి. కడిగి, ఆరబెట్టి, ప్యాక్ చేయడానికి సిద్ధంగా ఉన్నదే తీసుకోండి. పూర్తిగా తెరిచి, కీలు దగ్గర తడి తెల్ల గాజుగుడ్డ ముక్కతో గట్టిగా రుద్దండి. తర్వాత పిడి దగ్గర బిగించే రాచెట్ పళ్ల మధ్య రుద్దండి. చివర దవడ లోపలి గాట్లను భూతద్దంతో, టార్చి వెలుగులో చూడండి. గుడ్డకు ఇటుక రంగు మరక అంటితే అది తుప్పు కావచ్చు, పాత రక్తం కావచ్చు. రెండింటిలో ఏదైనా ఆ పరికరం ప్యాక్‌లోకి వెళ్లకూడదు. ఇదే పరీక్ష సక్షన్ కాన్యులాకి చేయండి. సరిపోయే సన్న బ్రష్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు దూర్చి తెల్ల గుడ్డ మీద తుడవండి. పైకి తళతళలాడే కాన్యులాలోంచి గోధుమ రంగు జిగురు రావడం నేను చూశాను, పక్కన నిలబడ్డ సిబ్బంది ముఖాలు మాడిపోయాయి. ఆ జిగురు లోపల ఉన్న క్రిమికి ఆవిరి తగలదు. బయట 121 డిగ్రీలు ఉన్నా అది లోపల గడ్డకట్టిన ప్రొటీన్ చాటున ఉంటుంది. రసాయనాలకైతే ఇంకా సులువుగా తప్పించుకుంటుంది.

ఆ జిగురు పట్టకుండా చేయాలంటే పని ఓటీలోనే మొదలవ్వాలి. కేసు అవగానే పరికరాలను తడి గుడ్డతో తుడిచి, కీళ్లు తెరిచి, తడి టవల్ కప్పి పంపండి. రక్తం ఎండితే పని పది రెట్లవుతుంది. సెలైన్‌లో మాత్రం నానబెట్టొద్దు, ఉప్పు స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది. సింకు దగ్గర ఎంజైమ్ క్లీనర్‌ను కంపెనీ చెప్పిన పాళ్లలో గోరువెచ్చని నీళ్లలో కలపండి. మరీ వేడి నీళ్లు వద్దు, 45 డిగ్రీలు దాటితే ప్రొటీన్ గడ్డకట్టి లోహానికి అతుక్కుంటుంది. అలాగని చలికాలం పొద్దున్నే కుళాయి నీళ్లతో కలపడమూ వద్దు. మన కొండ మీద డిసెంబరు, జనవరిలో ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేం, ఎంజైమ్ కూడా అందులో మందకొడిగానే పని చేస్తుంది. విడదీయగలిగినవన్నీ విడదీసి, మెత్తని బ్రష్‌తో, నీళ్ల అడుగునే రుద్దాలి. నీళ్ల పైన రుద్దితే తుంపర ముఖం మీదికి లేస్తుంది. స్టీలు పీచు, రాపిడి పొడి ముట్టుకోవద్దు, గీతలు పడిన చోటే తర్వాత మురికి చేరేది. బాగా కడిగి, చివరి కడుగు వీలైతే ఆర్‌ఓ నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. మచ్చలు పడుతుంటే అది చాలావరకు బోరు నీళ్లలోని ఉప్పులే.

కీళ్లు బిగుసుకుంటే కుట్టు మిషన్ నూనె వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. దయచేసి వద్దు. నూనె పొర కిందికి ఆవిరి వెళ్లదు. పరికరాల కోసం నీళ్లలో కరిగే లూబ్రికెంట్ దొరుకుతుంది, అదే వాడాలి.

ఇంకో అలవాటు: కేసు అవగానే పరికరాలన్నీ బ్లీచింగ్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టడం. మనందరికీ ట్రైనింగ్‌లో అదే నేర్పారు కాబట్టి మానడం కష్టమే. కానీ కడగకముందు 0.5 శాతం క్లోరిన్‌లో గానీ ఇంకే డిస్ఇన్ఫెక్టెంట్‌లో గానీ నానబెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మాన్యువల్ స్పష్టంగా చెప్పింది. రక్తం ఉన్న చోట క్లోరిన్ బలం పోతుంది, స్టీలు పాడవుతుంది, పైగా క్రిములు చచ్చాయన్న ధీమాతో ఆయమ్మ గ్లవ్స్ లేకుండా చెయ్యి పెడుతుంది. ఆయమ్మను కాపాడేవి మందపాటి రబ్బరు గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రాన్, ముఖానికి షీల్డ్, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు. టీకా వేయించారా? వేయించకపోతే ఈ వారమే మొదలు పెట్టండి. బ్లీచింగ్ నీళ్లు నేల మీద, బల్లల మీద రక్తం పడినప్పుడు వాడుకోండి. అదీ అప్పటికప్పుడు కలిపినవే వాడాలి. మన వర్షాలకు బస్తా మూతి తెరిచి ఉంచిన బ్లీచింగ్ పౌడరులో వాసనే తప్ప బలం మిగలదు.

ఇప్పుడు ఆటోక్లేవ్. ముల్లు చూపించేది ఒత్తిడిని. క్రిమిని చంపేది తడి ఆవిరి వేడి. లోపల గాలి మిగిలితే ఈ రెండింటికీ పొంతన ఉండదు. గాలి మొత్తం పోయాక 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీలు వస్తుంది. సగం గాలి మిగిలితే అదే 15 పౌండ్ల దగ్గర 112 డిగ్రీలే. గాలి అసలు వదలకపోతే 100 దగ్గరే ఆగిపోతుంది, ముల్లు మాత్రం 15 చూపిస్తూనే ఉంటుంది. అందుకే నీళ్లు మరిగాక వాల్వ్ తెరిచే ఉంచి, ఆవిరి తెగకుండా జోరుగా కనీసం ఐదు నిమిషాలు వచ్చాకే మూయాలి. గ్యాస్ అయిపోతుందని ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకునే వాళ్లను చూశాను. అక్కడే మొత్తం పని వృథా అయిపోతుంది.

మీ ఊరి ఎత్తు చిక్కు కూడా ఇక్కడే ఉంది. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. 15 పౌండ్లకు 121 డిగ్రీలు అన్న లెక్క సముద్ర తీరానిది. అంటే బరంపురంలో, వైజాగ్‌లో సరిపోతుంది. మీ దగ్గర బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, గాలంతా పోయినా, ముల్లు 15 చూపినప్పుడు లోపల దాదాపు 119న్నర డిగ్రీలే ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడాయే, కానీ చంపే శక్తిలో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు అర పౌండు చొప్పున పెంచాలన్నది లెక్క. మీకు సుమారు ఒకటిన్నర పౌండ్లు, జయపురం వాళ్లకు ఒక పౌండు పైచిలుకు. మీ మెషీన్ ప్లేటు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి అందుకు ఒప్పుకుంటేనే పెంచండి. వాల్వ్ 15కే బిగించి ఉంటే దాన్ని కదపొద్దు, బరువు పెట్టొద్దు, టైమ్ పెంచండి. ప్యాక్ చేసిన వాటికి 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పెట్టే చోట మీరు 45 నిమిషాలు పెట్టండి. టైమ్ లెక్క ఒత్తిడి అందుకున్నాకే మొదలవుతుంది. మధ్యలో సిలిండర్ అయిపోయి ముల్లు దిగితే మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టాలి.

నీళ్లలో మరిగించడం గురించి కూడా అడిగారు. మీ దగ్గర నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 100 డిగ్రీలకైనా స్పోర్లు చావవు. కోసే, కుట్టే పరికరానికి మరిగించడం సరిపోదు.

డ్రమ్ము నింపడంలో జాగ్రత్త: చెయ్యి సులువుగా దూరేంత ఖాళీ ఉండాలి, గాజుగుడ్డలు, గౌన్లు నిలువుగా వదులుగా పేర్చాలి, పక్క రంధ్రాలు తెరిచి ఉండాలి. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చకుండా పక్కకు వాల్చి పెట్టాలి, లేకపోతే గాలి అందులోనే నిలిచిపోతుంది. అయ్యాక ఆవిరి వదిలి, మూత కొంచెం తెరిచి అరగంట ఆరనివ్వండి. తడిగా బయటికొచ్చిన ప్యాక్ స్టెరైల్ కాదు. తడి గుడ్డలోంచి క్రిమి లోపలికి నడిచి వెళ్తుంది. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో అలమరాలోని ప్యాక్‌లు కూడా చెమ్మగిల్లుతాయి, ఆ రెండు నెలలు తక్కువ తక్కువగా చేసి త్వరగా వాడేయండి.

టేపు విషయానికి వస్తే, అది ప్యాక్ బయట వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. ఎంతసేపు తగిలింది, లోపలికి వెళ్లిందా అన్నది దానికి తెలియదు. ప్రతి ప్యాక్ మధ్యలో, వేడి, సమయం, ఆవిరి మూడూ సరిపోయాయో లేదో చూపించే టైప్ 5 కెమికల్ ఇండికేటర్ స్ట్రిప్ పెట్టండి. వారానికి ఒకసారి స్పోర్ పరీక్ష చేయండి. జియోబాసిలస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్లున్న చిన్న వయల్‌ను, ఆవిరి చేరడం అన్నిటికంటే కష్టమైన ప్యాక్ మధ్యలో ఉంచి మెషీన్ నడపాలి. తర్వాత దాన్నీ, అదే బ్యాచ్‌లో ఆటోక్లేవ్ చేయని ఇంకో వయల్‌నూ 56 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. రెండోది రంగు మారి, మొదటిది మారకపోతే పరీక్ష సరిగ్గా జరిగింది, మెషీన్ పని చేస్తోంది. మొదటిది మారితే ఆ మెషీన్‌లోంచి గత పరీక్ష తర్వాత వచ్చిన ప్యాక్‌లన్నీ వెనక్కి తెప్పించాలి. ఇందుకే రిజిస్టరు కావాలి: తేదీ, లోడు నంబరు, ఏమేం పెట్టారు, ఎన్నింటికి ఒత్తిడి అందింది, ఎన్నింటికి దింపారు, ఎవరు చేశారు. అదే నంబరు పేషెంటు కేసు షీటులో కూడా రాయండి.

గ్లుటరాల్డిహైడ్ పూర్తిగా మానేయమని అనను, ఆవిరి తట్టుకోని కొన్నిటికి అది ఉంటుంది. కానీ కలిపిన తేదీ ట్రే మీద రాయండి. సాధారణంగా 14 రోజులు, కొన్ని బ్రాండ్లు 28 అని ఇస్తాయి, మీ డబ్బా మీద ఉన్నదే పాటించండి. ఆ గడువు లోపల కూడా వాడే రోజు టెస్ట్ స్ట్రిప్‌తో బలం చూడండి. తడి పరికరాలు వేసిన కొద్దీ ద్రావణం పలచబడుతుంది. చలికాలంలో గది 12 డిగ్రీలుంటే డబ్బా మీద రాసిన నిమిషాలు చెల్లవు, ఆ నిమిషాలు 20, 25 డిగ్రీలకు ఇచ్చినవి. గదిని వెచ్చబరిచి, ద్రావణంలో థర్మామీటరు పెట్టి చూసుకున్నాకే మొదలు పెట్టండి.

మిగతావి త్వరగా చెబుతాను. గొంతులో చూసే లారింగోస్కోప్ బ్లేడు, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగు, మాస్కు విడదీసి కడిగి హై లెవెల్ డిస్ఇన్ఫెక్షన్ చేయాలి, ఆటోక్లేవ్ తట్టుకుంటే ఇంకా మంచిది. ఆక్సిజన్ హ్యూమిడిఫయర్ సీసాలో కుళాయి నీళ్లు పోయొద్దు, స్టెరైల్ నీళ్లు పోసి రోజూ పారబోసి మార్చాలి. పైన నింపుతూ పోవడం మంచిది కాదు. సక్షన్ జాడీ ప్రతి పేషెంటు తర్వాత ఖాళీ చేసి కడిగి ఎండబెట్టాలి. స్టెతస్కోప్, థర్మామీటరు 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. స్టెరైల్ సామాను తీసే చీటిల్ ఫోర్సెప్స్‌ను డెటాల్ నీళ్ల జాడీలో నిలబెట్టే పద్ధతి మానేసి, ఆటోక్లేవ్ చేసిన పొడి జాడీలో పెట్టి రోజూ మార్చండి. సూదులు, సిరంజీలు, గ్లవ్స్ మళ్లీ వాడే ప్రసక్తే లేదు.

గోడ మీద చార్టు పెట్టేటప్పుడు బొమ్మలతో పెట్టండి. మన ఆయమ్మల్లో ఒకరు ఒడియా చదువుతారు, ఒకరు తెలుగు, ఇంకొకరు దేసియాలో చక్కగా మాట్లాడతారు కానీ అక్షరం రాదు. ఇంగ్లీషు చార్టు ఇన్‌స్పెక్షన్ వాళ్లకు పనికొస్తుంది, సింకు దగ్గర నిలబడే మనిషికి కాదు.

మేనేజ్‌మెంట్‌ని అడగాల్సింది ఈ వరసలో అడగండి: లోతైన సింకు, రకరకాల సన్న బ్రష్‌లు, ఎంజైమ్ క్లీనర్, వెలుగున్న భూతద్దం, టైప్ 5 స్ట్రిప్‌లు, స్పోర్ వయల్‌లు, చిన్న ఇంక్యుబేటర్, ఇంకో రెండు లాప్రోస్కోపీ సెట్లు. ఆటోక్లేవ్ గ్యాస్కెట్లు (మూత రబ్బరు రింగులు) ఒక జత అదనంగా తెప్పించి ఉంచుకోండి. వర్షాల్లో కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద కొండచరియలు పడితే వైజాగ్ నుంచి మెకానిక్ ఎప్పటికి వస్తాడో చెప్పలేం. ఇవన్నీ అమిరాక కూడా స్పోర్ పరీక్ష తప్పితే, అప్పుడు కొత్త మెషీన్ అడగండి. అడిగేటప్పుడు ఆ రిజిస్టరు చేతిలో ఉంటుంది, ఎవరూ కాదనలేరు.

సర్జన్ గారి వచ్చే క్యాంపులోపు ఇప్పుడు అలమరాలో ఉన్న లాప్రోస్కోపీ ప్యాక్‌లన్నీ విప్పి మొదటి నుంచి కడిగించండి. ఆ ట్రోకార్ కంపెనీ పేరు, మోడలు, ఆటోక్లేవ్ ప్లేటు మీదున్న గరిష్ఠ ఒత్తిడి ఇక్కడ రాయండి. ఆవిరిలో పెట్టొచ్చా, ఎంత ఒత్తిడికి పెంచొచ్చు అన్నది చూసి చెబుతాను.